మనవలతో మొక్కలు – 4వ పాఠం: చెంబు ఎవరి చేతిలో ఉంది?

ఈసారి నారు మార్చడం చెప్పాలనుకున్నాను. ఇప్పుడది కుదిరేలా లేదు. పోయిన పాఠంలో చిక్కుడు గింజలు పెట్టించాను కదా, చాలా ఇళ్లలో మొలకే రాలేదట. "పది రోజులైందండీ, మావాడు లేవగానే కుండీ దగ్గరికే పరిగెడుతున్నాడు, వాడికేం చెప్పమంటారు?" అని ఒక అమ్మమ్మగారు నన్ను నిలదీశారు.

తప్పు కొంత నాదే. "తడి ఆరకుండా చూసుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మీరు మనవడి చేతికి చెంబిచ్చారు. వాడు లేవగానే ఓసారి, ఆటల మధ్యలో ఓసారి, పడుకునే ముందు ఇంకోసారి పోశాడు. ఒక గింజ తవ్వి తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. మెత్తగా నలిగిపోయి కంపు కొడితే కుళ్లినట్టే. ఈ పరీక్ష మాత్రం పిల్లలు లేనప్పుడు చేయండి. చూశారంటే మిగతావన్నీ తవ్వేస్తారు.

గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి సందుల్లో గాలి ఉంటేనే అది మొలుస్తుంది. ఆ సందులన్నీ నీళ్లతో నిండిపోతే దానికి ఊపిరాడదు. ఎలాగోలా మొలక వచ్చినా, మట్టిని ఆనుకున్న చోట కాడ సన్నబడి పక్కకు వాలిపోతుంది. దాన్నే నారుకుళ్లు అంటారు. అలా వాలిన మొలకకు పుల్ల కట్టి నిలబెట్టినా లాభం లేదు.

రైతులు పదును అంటారే, మనకు కావలసింది అది. తడి వేరు, పదును వేరు. పిడికెడు మట్టి తీసుకుని గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే అది తడి ఎక్కువైన మట్టి. ముద్ద కట్టి, బొటనవేలితో పొడవగానే విడిపోతే పదును. ముద్దే కట్టకపోతే ఎండిపోయినట్టు. పిల్లలకు ఈ పిసకడం మహా ఇష్టం. అయ్యాక చేతులు కడిగించడం మీ పని.

"మొక్కకు రోజూ నీళ్లు పోయాలి" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు చెప్పారండీ? మట్టికుండీ గోడల్లోంచి కూడా చెమ్మ ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీ గోడల్లోంచి ఆరదు. కాబట్టి పక్కపక్కనే ఉన్నా రెండింటి లెక్కా ఒకటి కాదు. చిన్న కప్పు తొందరగా ఆరుతుంది, పెద్ద తొట్టి నిదానంగా ఆరుతుంది. ముసురు పట్టిన రోజు దేనికీ అక్కర్లేదు. పైన మట్టి తెల్లబడి పొడిగా కనిపిస్తుంది, రెండంగుళాల కింద బురద ఉంటుంది. ఇక అన్నిటికన్నా పెద్ద మోసం ఆకులు వాడడం. నీళ్లు చాలకపోయినా ఆకులు వాడతాయి, నీళ్లెక్కువై వేళ్లు కుళ్లినా వాడతాయి. అది తెలియక "అయ్యో, దాహం వేస్తోంది" అని ఇంకో చెంబు పోస్తాం. మట్టిలో పదునుండగా మిట్టమధ్యాహ్నం ఎండకు వాడిన మొక్క సాయంత్రానికి తనంతట తనే లేచి నిలబడుతుంది, దాని జోలికి పోనక్కర్లేదు.

అందుకే వేలు పెట్టి చూడాలి. మన వేలైతే రెండో కణుపు దాకా, మూడేళ్ల పిల్ల వేలైతే మొత్తం. వేలికి చల్లగా తగిలి మట్టి అంటుకుంటే ఆ రోజుకి నీళ్లు వద్దు. కుండీ అడుగున నీళ్లు పోయే చిల్లుల సంగతి మళ్లీ చెప్పను.

అలాగని చెంబు లాక్కోకండి. పిల్లల సరదా అంతా పోయడంలోనే ఉంది. మా ఇంట్లో గింజ వేయని ఉత్తి కుండీ ఒకటి పెట్టాను. దాంట్లో ఎంతైనా పోసుకోవచ్చు. గింజలున్న కుండీకి మాత్రం స్ప్రే సీసా. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు వెంటనే పారబోయండి, దోమలు చేరతాయి. నీళ్ల బకెట్ దగ్గర చిన్నపిల్లల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

మళ్లీ పెడదాం. ముందే పదును చేసిన మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతున గింజను పడుకోబెట్టి కప్పండి. రాత్రంతా నానబెట్టడం నాకు నచ్చదు, నేను పొడిగింజే పెడతాను. గులాబీ, నీలం రంగు పూసిన విత్తనాలు పిల్లల చేతికి ఇవ్వొద్దు, అది పురుగుమందో తెగులుమందో అయి ఉంటుంది. మొలకెత్తేటప్పుడు ముందు మట్టి పగులుతుంది. ఆ పగులులోంచి వంగిన కాడ బయటికొస్తుంది, తల మాత్రం మట్టిలోనే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నడుం నిటారు చేసి, గింజ రెండు బద్దల్నీ పైకి లాక్కొస్తుంది. ఈ వంగి ఉన్న దశలోనే పిల్లలు "నేను సాయం చేస్తా" అంటారు. చేశారో, తల తెగి చేతికొస్తుంది.

నేను చేసిన ఒక దొంగపని కూడా చెప్పేస్తాను. అదనంగా రెండు కుండీల్లో గింజలు వేసి చాటున పెట్టేవాణ్ణి. పిల్ల కుండీలోది మొలవకపోతే రాత్రికి రాత్రి మార్చేసేవాణ్ణి. ఓసారి మనవరాలు కుండీలోకి తొంగి చూసి, "తాతయ్యా, నా బొత్తాం ఏది?" అంది. గింజ పక్కన నీలం బొత్తాం గుచ్చి పెట్టుకుందట, నేను చూసుకోలేదు. అప్పటినుంచి అదనపు కుండీలు కూడా దాని ముందే పెడుతున్నాను.

అభ్యాసం: మూడు కప్పుల్లో గింజలు పెట్టండి, ఒకటి మట్టిది, రెండు ప్లాస్టిక్‌వి. రోజూ ఒకే వేళకు పిల్లలు వేలు పెట్టి "కావాలి", "వద్దు" చెప్పాలి. మీ జవాబు ముందే కాగితం మీద రాసి మడిచిపెట్టండి. మూడు కప్పులకూ ఇద్దరి జవాబులూ వరుసగా ఐదు రోజులు కలిసేదాకా ఇది సాగాలి. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి రోజు నుంచే. మీరు తప్పినా అంతే.

నారు మార్చడం వచ్చే పాఠంలో. ఈలోపు పాత చొక్కాల బొత్తాలు కొన్ని తీసి ఉంచండి, పిల్లలు తలా ఒకటి అడుగుతారు.