నిష్పత్తి లెక్కలు, 4వ పాఠం: మూడంటే మూడు కాయలు కాదు

ఈసారి వయసుల లెక్కలు మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠంలో ఇచ్చిన కొబ్బరికాయల లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను.

లెక్క ఇదీ: రెండు రాశుల్లో కాయల నిష్పత్తి 3:5. రెండింట్లోనూ చెరో 12 కాయలు వేస్తే 5:7 అయింది. మొదట ఎన్నెన్ని ఉన్నాయి?

చాలామంది 3కి 12, 5కి 12 కలిపేసి 15:17 దగ్గర ఆగిపోయారు. ఒకాయనైతే "లెక్కే తప్పండి మాస్టారూ, 15:17 ఎప్పటికైనా 5:7 అవుతుందా?" అన్నారు. అవదు. కానీ తప్పు లెక్కలో లేదండి.

మా పెదనాన్న దింపు (చెట్ల నుంచి కొబ్బరికాయలు దించడం) అయ్యాక కాయలు పంచే పద్ధతి చెప్తాను. 3:5 వాటా అయితే ఎడం పక్కకి మూడు, కుడి పక్కకి ఐదు విసిరేవాడు. అది ఒక విడత. మళ్లీ మూడు, ఐదు. కాయలు అయిపోయేదాకా అంతే. నిష్పత్తిలో కనిపించే 3, 5 ఒక్క విడతలో పడ్డ కాయలు మాత్రమే. ఎన్ని విడతలు విసిరాడో ప్రశ్నలో చెప్పరు. దాన్నే మనం k అంటున్నాం. రాశుల్లో ఉన్నవి 3k, 5k. చివర్లో వేసిన 12 మాత్రం విడతలవారీగా పడలేదు, అవి అచ్చంగా 12 కాయలే. వాటిని తీసుకెళ్లి 3 పక్కన పెడితే విడతనీ కాయనీ కలిపేసినట్టే. ఇంకా నమ్మకం కుదరకపోతే 12 బదులు 1200 వేసి చూడండి. 1203:1205 వస్తుంది. అలా రాయడానికి మీకే చెయ్యి రాదు.

(3k+12):(5k+12) = 5:7 అని రాసి అడ్డంగా గుణించడం మీకు వచ్చు, వదిలేస్తున్నాను. నేనైతే అంత దూరం వెళ్లను. రెండింటికీ ఒకే సంఖ్య కలిపితే తేడా మారదు. 3:5లో తేడా 2 భాగాలు (ఒక భాగం అంటే k కాయలు), 5:7లోనూ 2 భాగాలే. 3 భాగాలున్నది 5 అయింది, అంటే 2 భాగాలు 12 కాయలు. ఒక భాగం 6. కాయలు 18, 30. పెన్ను కదపక్కర్లేదు.

తేడాలు సమానంగా లేకపోతే సమానం చేసుకోవాలి. రావులపాలెం మార్కెట్లో ఇద్దరి అరటి గెలలు 2:5, చెరో 15 తెస్తే 1:2. తేడాలు 3, 1. కాబట్టి 1:2ని 3:6గా రాయండి. 2 కాస్తా 3 అయింది, ఒక భాగం 15. గెలలు 30, 75.

ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇస్తే తేడా మారుతుంది, మొత్తం మారదు. భీమవరం వైపు రెండు రొయ్యల చెరువుల దగ్గర మేత బస్తాలు 5:3. మొదటి చెరువు నుంచి 10 బస్తాలు రెండోదానికి మోస్తే సమానం. మొత్తం 8 భాగాలు, 4:4 అయింది. ఒక భాగం 10, బస్తాలు 50, 30.

ఇంకో చిన్న మాట. ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు ఆర్ములు (గోదావరి పాయలకి అడ్డంగా కట్టిన భాగాలు) కలిపి 175 గేట్లు, ధవళేశ్వరం ఆర్ముకి 70. మిగతా గేట్లతో నిష్పత్తి 2:3, మొత్తంతో 2:5. పరీక్షలో ఆప్షన్లుగా రెండూ పక్కపక్కనే ఉంటాయి. "మిగతా", "మొత్తం" అన్న మాటల కింద గీత గీయందే నేను లెక్క మొదలుపెట్టను.

అభ్యాసం ఒక్కటే. కడియం నర్సరీల్లో పనిచేసే ఇద్దరి ఆదాయాలు 5:4, ఖర్చులు 7:5, ఇద్దరూ మిగుల్చుకునేది చెరో 6000 రూపాయలు. ఆదాయాలెంత? ఇక్కడ విడతలు రెండు రకాలు, k ఒకటే పెట్టారంటే మళ్లీ మొదటికొస్తాం. మిగులు సమానం కాబట్టి ఆదాయాల తేడా, ఖర్చుల తేడా ఒకటే అవ్వాలి. ఆ పట్టు దొరికితే రెండు లైన్లలో 20000, 16000 వస్తాయి. జవాబు నేనే చెప్పేశాను కాబట్టి నాకు ఆ రెండు లైన్లు పంపండి చాలు.