పాత లాగ్ ఫైళ్లు చెరిపే స్క్రిప్ట్: డిలీట్ చివర్లోనే

గుంటూరు మిర్చి యార్డులో మాకు తెలిసిన కమీషన్ కొట్టు ఒకటుంది. సీజన్ వచ్చిందంటే వాళ్ల బిల్లింగ్ సర్వర్ డిస్క్ లాగ్ ఫైళ్లతో, అంటే ప్రోగ్రామ్ తను చేసిన పనులు రాసుకునే ఫైళ్లతో, నిండిపోతుంది. నేను రాసేది జావా, షెల్ స్క్రిప్ట్ జోలికి పెద్దగా పోను. పాతవి చెరపడం రెండు లైన్ల పనే కదా అని, ఫైళ్లు వెతికిపెట్టే ఫైండ్ కమాండ్‌తో మొదలుపెట్టాను.

మీరూ రాస్తుంటే, మొదటిరోజే డిలీట్ పెట్టకండి. దాని బదులు ప్రింట్ పెట్టి, ఏ ఫైళ్లు పోతాయో కళ్లారా చూసుకోండి. తర్వాత కూడా డిలీట్ అనే మాట ఆ కమాండ్ చివరే ఉండాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. పేరు, వయసు షరతుల కంటే ముందు డిలీట్ కనపడితే ఆ ఫోల్డర్ మొత్తం ఊడ్చేస్తుంది, అడగదు కూడా. వయసు షరతు ఎమ్‌టైమ్, ఫైల్ చివరిసారి మారి ఎన్ని రోజులైందో చూస్తుంది. ఎమ్‌టైమ్ ప్లస్ 7 అంటే వారం దాటినవి అనుకుంటాం. అది పూర్తి రోజులే లెక్కేస్తుంది గనక 8 రోజులు నిండినవే పోతాయి.

ఇంకోటి. చేత్తో నడిపితే బాగానే నడిచిన స్క్రిప్ట్, చెప్పిన టైముకి దానంతటదే నడిపించే క్రాన్‌లో పెట్టాక మొరాయించింది. కమాండ్లు ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ సెట్టింగులు మన లాగిన్‌లో ఉన్నవి క్రాన్‌కి రావు. కమాండ్లకీ ఫోల్డర్లకీ పూర్తి పాత్ రాశాక దారికొచ్చింది. రాత్రి రెండింటికి పెట్టాను, ఆ టైములో బిల్లు కొట్టేవాళ్లెవరూ ఉండరు.