ఇంజన్ తిరుగుతది, నీళ్లు ఎక్కవు

కాకతీయ కాలువ పక్కన మా డీజిల్ ఇంజన్ మంచిగనే తిరుగుతుంది, పైపుల చుక్క లేదు. ఇట్లయితే ఇంజన్ విప్పొద్దు, ముందు సక్షన్ వైపే, అంటే పంపు నీళ్లు గుంజే వైపే చూడాలె. పంపు నిండా నీళ్లు పోసి 10 నిమిషాలు ఆగిన. మట్టం దిగింది, అంటే ఫుట్‌వాల్వు (సక్షన్ పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండ ఆపే మూత) పట్టుకుంటలేదు. తీస్తే తోలు వాచర్ కింద గడ్డిపోచ, సన్న ఇసుక. కడిగి, కొత్త వాచర్ నానబెట్టి వేసిన.

అయినా ధార తెగి తెగి వచ్చింది. నడుస్తుండగనే సక్షన్ పైపు జాయింట్లకు సబ్బునురుగు రాసిన. ఒక ఫ్లాంజి (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు) దగ్గర నురుగు లోపలికి గుంజుకుపోయింది, గాలి దూరేది అక్కడ్నే. రబ్బరు గ్యాస్కెట్ మార్చి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించిన. ధార నిండుగ పడ్డది.

గ్లాండ్ తాడు (పంపు షాఫ్టు చుట్టూ నీళ్లు ఎక్కువ కారకుండ చుట్టే తాడు) మాత్రం గట్టిగ బిగించొద్దు, షాఫ్టు అరుగుతది. చుక్క చుక్క కారుతుండాలె. నీటిమట్టం పంపుకు 6 మీటర్ల కన్నా కిందికి పోతే పంపునే కిందికి దించాలె.