కనిగిరి నుంచి విశాఖకి, టికెట్ దొరకని వేళ

మా చెల్లికి నీట్ ఆలిండియా కోటాలో (కేంద్రం కౌన్సెలింగ్‌తో నింపే సీట్లు) విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో సీటొచ్చింది. సంతోషం సరే, రిపోర్టింగ్‌కి గడువు తక్కువ, ఒంగోలు నుంచి ఏ రైలు చూసినా వెయిటింగ్ లిస్టే. స్లీపర్ తత్కాల్ ముందురోజు 11 గంటలకి తెరుస్తారు కదా, నెట్ అలా తిరుగుతుండగానే బెర్తులు అయిపోయాయి. ఇక ప్రయాణాన్నే ముక్కలు చేశాను: కనిగిరి నుంచి ఒంగోలుకి బస్సు, రాత్రికి విజయవాడ, పొద్దున్నే అక్కడే బయలుదేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ సిట్టింగ్. సీట్లు హాయిగా దొరికాయి. ఒరిజినల్స్ ఫైలు మా అమ్మ ఒళ్లోంచి దించలేదు, పైన పెడదామంటే కసురుకుంది.

ఇంకోటి, ఓబీసీ వాళ్లకి ఆలిండియా కోటాలో రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ చాలదు, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్‌ది, అంటే ఓబీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పేది, కావాలి. కౌన్సెలింగ్ మొదలవకముందే తీసిపెట్టుకోండి.