వాన ముదరక ముందే రిగ్ ముందు ఒక ఆదివారం

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ రెండో సగంలో మొదలవుతాయి. ఇంట్లో హ్యామ్ రేడియో (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియో) స్టేషన్ ఉన్నవాళ్లు ఆలోపే యాంటెన్నా తాళ్లు, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) జాయింట్లు చూసుకుంటారు. రిగ్ (వినడానికి, మాట్లాడడానికి వాడే రేడియో సెట్) ముందు ప్యానెల్ దగ్గరికి మాత్రం ఎవరూ రారు. రోజూ చెయ్యి పెట్టేదే కదా, దాన్ని కొత్తగా చూసేదేముంది అనుకుంటాం.

2016 డిసెంబర్ 12న వార్దా తుఫాను తీరం దాటిన సాయంత్రం పెరంబూర్‌లో నా పని ఇలాగే అయింది. కరెంటు లేదు, ఫోన్ లేదు. బ్యాటరీ తగిలించి రిగ్ ఆన్ చేస్తే డయల్ వెలిగింది గానీ స్పీకర్లో గుసగుస కూడా లేదు. యాంటెన్నా కూలిందనుకుని టార్చి పట్టుకుని, ఆ తడిలో మిద్దె ఎక్కాను. తీగ ఉన్నచోటే ఉంది. దిగొచ్చి మళ్లీ చూస్తే, శబ్దం లేదు గానీ ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) సూది మాత్రం కుడి చివరకెక్కి కదలకుండా నిలబడింది. చాలా రిగ్గుల్లో అది ఆర్‌ఎఫ్ గెయిన్ (సన్నటి సిగ్నళ్లని రిగ్ ఎంతవరకు పట్టుకోవాలో సర్దే నాబ్) పూర్తిగా తగ్గిపోయిందనడానికి గుర్తు. వాల్యూమ్ నాబ్ చుట్టూ పలుచటి రింగులా ఉంటుందే, అదే. ముందు రోజు దుమ్ము తుడుస్తూ తిప్పేసింది నేనే.

అందుకే ఒక పూట కేటాయించి నాబులన్నీ ఒక్కొక్కటీ చూడండి. ఆర్‌ఎఫ్ గెయిన్ పూర్తిగా కుడికి. ఆర్‌ఐటీ (వినే ఫ్రీక్వెన్సీని మాత్రమే కాస్త జరిపేది) ఆఫ్, స్ప్లిట్ (ఒక ఫ్రీక్వెన్సీలో విని ఇంకోదాంట్లో పంపేది) ఆఫ్. వాక్స్ (మైక్‌లో శబ్దం పడగానే తనంతట తానే ట్రాన్స్‌మిట్ చేసేది) కూడా ఆఫ్‌లోనే ఉండాలి, లేకపోతే కిటికీ రెక్క కొట్టుకున్న చప్పుడుకే సెట్ ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది. 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడేటప్పుడు ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్) మోడ్. రెండు మీటర్ల బ్యాండ్ రిపీటర్‌కి (మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ దూరం పంపే స్టేషన్) 600 కిలోహెర్ట్జ్ మైనస్ ఆఫ్‌సెట్ (వినే ఫ్రీక్వెన్సీ కన్నా పంపేది అంత తక్కువ), దాన్ని తెరిచే టోన్ మెమరీలో ఉన్నాయో లేదో ఒకసారి పిలిచి చూసుకోండి.

స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు వచ్చే బుస్సుమనే హిస్‌ని ఆపే నాబ్) దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి. బిగించి పెడితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. కానీ నీళ్లు నిండిన వీధిలోంచి చేతిసెట్టుతో పిలిచేవాడి సిగ్నల్ సన్నగా వస్తుంది, అది లోపలికి రాదు. హిస్ వినబడేదాకా వదిలి, అది ఆగిన చోటికి ఒక్క వెంట్రుకవాసి మాత్రమే తిప్పండి. తుఫాను రాత్రయితే నేను హిస్‌నే భరిస్తాను.

గాలి తగ్గాక గబుక్కున పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కకండి. పవర్ 5 వాట్లకు దించి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా పవర్‌ని తీసుకోకుండా ఎంత వెనక్కి కొడుతోందో చెప్పే కొలత) చూడండి. 1.5 లోపుంటే నిశ్చింత. 3 దాటితే యాంటెన్నా సంగతి తేలేదాకా ట్రాన్స్‌మిట్ చెయ్యొద్దు, ఫైనల్స్ (పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) పోతాయి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు 100 వాట్ల మోజు అసలే వద్దు. ఆ రిగ్ ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. 25 వాట్లకు తగ్గిస్తే అవతలివాళ్ల మీటర్లో తగ్గేది ఒక్క ఎస్ యూనిట్. టెన్షన్‌లో అందరం అరుస్తాం, కాబట్టి మైక్ గెయిన్ ఒక గీత తక్కువే ఉంచండి. మీటర్ మీద ఏఎల్‌సీ (మాట మరీ గట్టిగా పోకుండా అదుపు చేసేది) గీత దాటితే మాట పగిలిపోతుంది.

ఉరుము వినబడితే ప్యానెల్ మీద చెయ్యే వద్దు. పవర్ బటన్ ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు. అందుకే మబ్బు పట్టగానే కోయాక్స్ ఊడదీసి బయటికి వేసెయ్యాలి, సప్లై ప్లగ్ కూడా పీకెయ్యాలి.

అన్నట్టు, ఆయుధపూజకి రిగ్గుకి బొట్టు పెట్టండి, నేనూ పెడతాను. కుంకుమ నాబు సందుల్లోకి, మైక్ కన్నాల్లోకి పోకుండా చూసుకోండి చాలు.

చివరగా లైటార్పి, కళ్లు మూసుకుని వాల్యూమ్, స్క్వెల్చ్, పవర్, లాక్ ఎక్కడున్నాయో వేళ్లతో వెతకండి. లాక్ పడితే డయల్ తిరుగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు, చీకట్లో అది పెద్ద తికమక. ఏ నాబ్ ఎక్కడ ఉండాలో కాగితం మీద పెన్సిల్‌తో రాసి రిగ్ పక్కన అంటించండి. ఫోన్లో ఫొటో తీసుకుంటే ఆ రాత్రికి ఫోన్లో చార్జింగ్ ఉండకపోవచ్చు.