ఎవరి చెవినా పడని కొత్త పాటను వెతికి, నచ్చేలా వినిపించడం ఎలా?

ఒడిశాలో రాయగడలోనో పర్లాకిమిడిలోనో తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకి పాటల విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు సినిమా పాట, బజార్లో ఒడియా ఆల్బమ్ పాట, పెళ్లి ఊరేగింపులో హిందీ పాట, కొండ ఊళ్ల వైపు వెళ్తే గిరిజనుల ధింసా ఆట మోత. మాట పూర్తిగా అర్థం కాకపోయినా పాటకి తల ఊపడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే. అలాంటిది ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునే పాటలు), ఎలక్ట్రానిక్ (యంత్రాల శబ్దాలతో కట్టే పాటలు), మెటల్ (కరుకు గిటార్లతో హోరెత్తే రాక్) అనేసరికి మాత్రం "ఏటిరా ఈ గోల" అంటారు. నన్నడిగితే తప్పంతా మనం పంపే పద్ధతిలోనే ఉంది. ఫ్యామిలీ గ్రూపులో ఐదారు లింకులు పడేసి "సూపర్ ఉంది, వినండి" అని రాస్తే, గుడ్ మార్నింగ్ బొమ్మకి పట్టిన గతే వాటికీ పడుతుంది. ఒక మనిషికి ఒక పాట చొప్పున పంపాలి. కింద రాసినవన్నీ ఆ పద్ధతిలో పంపడం కోసమే.

మొదటి పని: వెతకడం

యాప్ తనంతట తాను చూపించే పాటలతో ఆగిపోకండి. మీరు నిన్న విన్నదాన్ని బట్టే అది ఇవాళ్టిది చూపిస్తుంది. 2015 జులై నుంచి చాలా దేశాల్లో కొత్త పాటలు శుక్రవారమే విడుదలవుతున్నాయి. పెద్ద పేర్లన్నీ ఆ రోజే వచ్చి పడతాయి కాబట్టి చిన్న బృందాలు అడుగున ఉండిపోతాయి. మంగళ, బుధవారాల్లో తీరిగ్గా తవ్వితే అవి దొరుకుతాయి.

తవ్వడానికి బ్యాండ్‌క్యాంప్ మంచి చోటు, బృందాలు తమ పాటలు తామే పెట్టి అమ్ముకునే సైటు అది. అక్కడ పాటలకి సంగీతం రకం, ఊరి పేరు ట్యాగులుగా ఉంటాయి. మెటల్ ట్యాగు, హైదరాబాద్ ట్యాగు విడివిడిగా తెరిచి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని కిందికి వెళ్లండి. మెటల్ వరకే అయితే మెటల్ ఆర్కైవ్స్ అనే సైటులో దేశాల వారీగా బృందాల జాబితా ఉంది. భారత్ అని ఎంచుకుంటే మీరు పేరు కూడా వినని బృందాలు వరసగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో మొదలైన డెత్ మెటల్ (మెటల్‌లో బాగా కరుకైన రకం) బృందం గాడ్‌లెస్ 2021లో పూర్తి ఆల్బమ్ తెచ్చిందని మన చుట్టాల్లో ఎంతమందికి తెలుసు?

అన్నిటికంటే నాకు నచ్చిన దారి మనుషుల పేర్లు పట్టుకుని పోవడం. ఢిల్లీ ఇండీ బృందం పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2024లో బీటా అనే ఆల్బమ్ ఇచ్చింది. దాంట్లో పాడే సూర్యకాంత్ సాహ్నీయే లిఫాఫా అనే పేరుతో ఒంటరిగా ఎలక్ట్రానిక్ పాటలు చేస్తాడు, అవి చాలావరకు హిందీలో ఉంటాయి. ఒక్క పేరు పట్టుకుంటే ఇండీ నుంచి ఎలక్ట్రానిక్‌లోకి వచ్చేశాం. లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ పేరు కూడా ఇలాగే పనికొస్తుంది. బెంగళూరు మెటల్ బృందం క్రిప్టోస్ పాటలు విడుదల చేసింది ఏఎఫ్‌ఎం అనే జర్మన్ లేబుల్. ఆ లేబుల్ పేజీ తెరిస్తే అదే రుచి ఉన్న మరికొన్ని బృందాలు దొరుకుతాయి.

రెండో పని: జల్లించడం

తక్కువమంది విన్నారు కదా అని ప్రతిదీ మంచి పాట అయిపోదు. కొన్ని పాటలు ఎవరూ వినకపోవడానికి న్యాయమైన కారణమే ఉంటుంది. ఈ మధ్య ఏఐతో తయారుచేసి ఏదో ఒక పేరు తగిలించి వదిలే పాటలు కూడా ఎక్కువయ్యాయి. అనుమానం వస్తే ఆ బృందం స్టేజీ మీద వాయించిన వీడియో ఉందేమో చూడండి. ఉంటే మనుషులే.

తర్వాత పాటని ఒకరోజు వదిలేయండి. మర్నాడు బండి స్టార్ట్ చేస్తుంటేనో, కూర పోపు వేస్తుంటేనో ఏదో ఒక ముక్క దానంతట అది నోట్లోకి వస్తే ఉంచండి. రాకపోతే తీసేయండి. ఇంతకంటే మంచి జల్లెడ నాకు దొరకలేదు.

ఈ శ్రమంతా ఎందుకు అనుకునేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడిచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు ప్లే కాకపోతే దానికి రాయల్టీ లెక్క కట్టరు. పెద్ద హీరో సినిమా పాటకి వెయ్యి ఒక లెక్కే కాదు. మేడ మీద గదిలో రికార్డు చేసుకున్న కుర్రాడికి మాత్రం మీరు పంపిన నలుగురూ నాలుగేసి సార్లు విన్నా తేడా పడుతుంది.

మూడో పని: ఎవరికి, ఏ దారిలో

అసలు పనంతా ఇక్కడే ఉంది. పాట పేరు రాసుకునే ముందు మనిషి పేరు రాసుకోండి. ఆ మనిషి ఇప్పటికే దేనికి తల ఊపుతాడో రాసుకోండి. ఆ రెంటికీ మధ్య వంతెన వేయండి.

ఎలక్ట్రానిక్ సంగీతానికి మన వైపు వంతెన వేయడం తేలిక. కొరాపుట్ వైపు ధింసాలో మోరి, తుడుం, కిరిడి వాద్యాలు మోగుతుంటే అదే దరువు, అదే అడుగు ఎంతసేపైనా తిరుగుతూ ఉంటుంది. చూస్తున్నవాళ్ల కాళ్లు కూడా ఆగవు. ఎలక్ట్రానిక్‌లో ఒక రకమైన హౌస్ సంగీతం నడిచేదీ అలాగే. నిమిషానికి 120 నుంచి 130 దాకా సమానమైన దెబ్బలు, వాటి మీద ఒక్కొక్కటిగా కొత్త శబ్దాలు వచ్చి చేరడం. "పల్లవి ఎప్పుడొస్తుంది?" అని ఎదురుచూసే మనిషికి ముందే చెప్పేయండి: పల్లవి రాదు, ధింసా చూసినట్టు వినమని. బరంపురంలో ఠాకురాణి యాత్రలోనో, వినాయక నిమజ్జనంలోనో డీజే బాక్సుల ముందు గంటలు గంటలు నిలబడే కుర్రాళ్లకైతే ఈ వంతెన కూడా అక్కర్లేదు. బేస్ ఎక్కువున్న పాట ఇస్తే చాలు.

ఇంట్లో రాగాలు తెలిసిన పెద్దవాళ్లుంటే వేరే దారి ఉంది. బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది హిందుస్తానీ రాగాలని సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు) మీద, డిస్కో దరువుతో వాయించి ఒక రికార్డు తెచ్చాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, హౌస్‌లోనే ఆసిడ్ హౌస్ అనే రకం పుట్టకముందే ఈయన దాదాపు అదే చేసేశాడే అని బయటి దేశాలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మాల్‌కౌంస్ అంటే మన హిందోళం, యమన్ అంటే మన కల్యాణి. ఆ రెండు పాటలు ముందు వినిపించండి. కొత్త ఎలక్ట్రానిక్ పాట మర్నాడు పంపండి, అప్పటికి చెవి సిద్ధంగా ఉంటుంది.

మెటల్ దగ్గర అందరూ ఆగిపోయేది ఆ గర్జించే గొంతు దగ్గరే. అది ఊరికే కేకలేయడం కాదని ముందు చెప్పాలి. గొంతులో అసలు స్వరతంత్రులకి పైన ఉండే మడతల్ని కదిలించి తీసే శబ్దం అది. సాధన లేకుండా ప్రయత్నిస్తే గొంతు పోతుంది. అయినా మొదటి రోజే గాడ్‌లెస్ వినిపించకండి, పారిపోతారు. ఢోలు, వేణువు వాడే ఢిల్లీ బృందం బ్లడీవుడ్‌తో మొదలుపెట్టండి. వాళ్లిప్పుడు బాగా పేరున్నవాళ్లే, అయినా గడప దాటించడానికి పనికొస్తారు. ఇంట్లో వయొలిన్, మృదంగం నేర్చుకున్నవాళ్లుంటే కర్ణాటక సంగీతాన్ని మెటల్‌తో కలిపే బెంగళూరు బృందం ప్రాజెక్ట్ మిశ్రం ఇవ్వండి. తాళం వేయడం మొదలుపెడతారు, మీరు చూస్తుండండి.

ఇండీకి పెద్ద కష్టం లేదు. జానపదాన్ని రెగ్గేతో (జమైకా దేశపు సంగీతం) కలిపి పాడే చౌరస్తా లాంటి తెలుగు బృందాన్ని ముందు పెట్టి, తర్వాత భాష మార్చండి.

నాలుగో పని: నాలుగు ముక్కలు రాయడం

లింకుతో పాటు ఏం రాస్తారో దాన్ని బట్టే అవతలివాళ్లు వింటారా లేదా అన్నది తేలుతుంది. "మైండ్ బ్లోయింగ్" లాంటి మాటలు తీసేయండి. ఆ మనిషికే ఈ పాట ఎందుకు పంపుతున్నారో ఒక వాక్యం, ఇబ్బంది పెట్టే చోటు ఎక్కడుందో ఒక వాక్యం, ఎక్కడిదాకా ఆగాలో ఒక వాక్యం రాస్తే చాలు. ఇలా (ఇందులోని ఐరన్ మెయిడెన్ ఇంగ్లండ్ మెటల్ బృందం):

"బావా, కాలేజీ రోజుల్లో ఐరన్ మెయిడెన్ టీషర్ట్ వేసుకుని గుణుపురం అంతా తిరిగేవాడివి కదా. అలాంటి జంట గిటార్లు మన బెంగళూరు వాళ్లు క్రిప్టోస్ 2024లో వాయించారు. గొంతు కాస్త గరుగ్గా ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా గిటార్ సోలో దాకా ఆగు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఏమీ అనుకోను."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మొహమాటానికి "బాగుంది" అనిపించుకుంటే తర్వాత ఏం పంపాలో మీకు తెలియదు. పెద్దవాళ్లకైతే ఇదంతా రాయకండి. పక్కన కూర్చుని వినిపించండి.

ఐదో పని: వినే ఏర్పాటు

ఫోన్ స్పీకర్లో ఈ పాటలు వినిపించడం అంటే పాటని చంపడమే. మామూలు బేస్ గిటార్ అడుగు తీగ శబ్దం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత కింది శబ్దాన్ని ఆ చిన్న స్పీకర్ పలికించలేదు. ఎలక్ట్రానిక్ పాటలో సగం, మెటల్ పాటలో బరువంతా అక్కడే పోతుంది. రెండు మూడు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్ అయినా ఫోన్ స్పీకర్ కంటే నయం.

రాయగడ నుంచి కొరాపుట్ వైపు రైల్లో వెళ్లేవాళ్లకి పంపుతుంటే ముందే డౌన్‌లోడ్ చేసుకోమనండి. సొరంగాలు మొదలయ్యాక సిగ్నల్ ఉండదు, పాట సగంలో తెగితే మళ్లీ మొదటి నుంచి వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ తర్వాత

రెండు రోజులు అడగకండి. వాళ్లంతట వాళ్లు చెప్పకపోతే ఒక్కసారి అడిగి వదిలేయండి. వద్దన్నవాళ్లకి వెంటనే ఇంకొకటి పంపితే మీ పేరు మ్యూట్‌లోకి వెళ్తుంది. "గొంతు నచ్చలేదు కానీ డ్రమ్స్ బాగున్నాయి" అన్నారంటే పని అయినట్టే. తర్వాతి పాట గొంతు లేనిది వెతకండి.

మీకే బాగా నచ్చిన పాటైతే కొనండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది బృందానికి వెళ్తుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ 15 శాతం కూడా తీసుకోరు. మన డెబిట్ కార్డుల్లో విదేశీ చెల్లింపులు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని, కొన్నాక మళ్లీ ఆఫ్ చేసేయండి.