మీ ఇంట్లో దిగిన ఫారిన్ మిషనరీ కుర్రాడిని ఊళ్లమీదకి తీసుకెళ్లడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు సంఘాల్లో ఏటా ఇదే గోల. ఎక్కడి నుంచో ఇరవై, ఇరవై రెండేళ్ల గుంటడు బైబిలు, గిటారు పట్టుకుని దిగుతాడు. మొదటి ఆదివారమే సంఘపెద్దలు దండేసి కారెక్కించి ఒక్క పూటలో ఊరంతా తిప్పేస్తారు, ఇంటింటా కోడికూర, సోమవారం పొద్దున్నకి వాడు సెలైన్ ఎక్కించుకుంటూ ఉంటాడు. పైగా "ఫారినోళ్లు తట్టుకోలేరండీ" అని మనమే అంటాం. వాళ్లకి తట్టుకోవడం రాక కాదు, మనకి తిప్పడం రాక. పాస్టరు గారు ఎవరినైనా దింపాలంటే ముందు మా ఇంటికే పంపుతారు కాబట్టి ఈ పని నాకు అలవాటైపోయింది, నేను చేసే పద్ధతి రాస్తున్నా. అమ్మాయిలు వచ్చినా ఇదే పద్ధతి, సంచిలో రెండు చున్నీలు ఎక్కువ, అంతే.

1. ముందు కాయితాలు

వీసా మీరు మీ కళ్లతో చూడండి. టూరిస్టు వీసా మీద వచ్చినవాడు మన దేశంలో వాక్యం ప్రకటించకూడదు, దానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. టూరిస్టు వీసా వాడైతే కూడికలో వెనక బెంచీలో కూర్చుని పాటలు వింటాడు, అంతవరకే. మైకు ఇచ్చి వీడియో తీసి స్టేటస్ పెట్టుకునే పెద్దలకి ఏమీ అవ్వదు, దేశం వదిలి పొమ్మనేది ఆ పిల్లాడిని. ఇంట్లో దిగిన 24 గంటల్లోపు వాడి వివరాలు ఆన్‌లైన్లో పెట్టాలి, అందరూ ఫారం సి అంటారే అదే, హోటలుకే కాదు మామూలు ఇంటికీ ఉంది. 180 రోజులు దాటే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్, జిల్లాల్లో అది ఎస్పీ ఆఫీసు పని.

2. సామాను

కాలితో తన్నితే ఊడిపోయే చెప్పులు (లేసులున్న బూట్లు వేసుకొస్తారు, ప్రతి గుమ్మం దగ్గరా పావుగంట). గొడుగు. స్టీలు సీసా, సంచి అడుగున. సబ్బు ముక్క, టిష్యూలు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ వైపు రాత్రి ఉండేటట్టయితే దోమతెర తప్పదు. చొక్కాలు పొందూరు ఖద్దరువే కొనాలి, ఖరీదే కానీ ఇక్కడి ఉక్కకి ఇంకేదీ పనికిరాదు, టీషర్టులు వద్దు. గిటారు ఇంట్లోనే ఉంచాలి.

3. మొదటి వారం గడప దాటనివ్వకండి

చెంబుతో స్నానం, చేత్తో అన్నం, బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవడం, ఈ మూడూ మీ ఇంట్లోనే రావాలి. కింద కూర్చోవడమే వాళ్లకి కష్టం, పది నిమిషాలకి కాళ్లు తిమ్మిరెక్కి ముందుకి చాపేస్తారు, అవతల ముసలాయన ఉంటాడు. రోజూ ప్రార్థన టైములో కింద కూర్చోబెడితే వారానికి అలవాటైపోతుంది. తిండి విషయంలో మొదట చారన్నం, పప్పు, ఇడ్లీ, పొద్దున్న చోడంబలి (రాగి అంబలి). కారం రోజురోజుకీ కొంచెం పెంచాలి. చద్దన్నం మాత్రం మొదటి నెల వద్దు.

ఒళ్లు చూసుకోవడం అంటే విశ్వాసం తక్కువ అనే పెద్దలు మనలో ఉన్నారు, వాళ్లకి చెప్పడానికి ఒక మాట. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు ఇద్దరు విశాఖపట్నంలో దిగారు, జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్. తెలుగు నేర్చుకున్నారు, సువార్తలు తెలుగులోకి తెచ్చే పని మొదలెట్టారు. 1809లో ఒకరు పోయారు, 1810లో రెండోవారు. వాళ్లకి విశ్వాసం చాలక పోయారా? ఆ తరవాత వచ్చిన కెనడా బాప్టిస్టు వాళ్లు ఈ వైపు బళ్లు, ఆసుపత్రులు కట్టి నిలబడ్డారు. నిలబడితేనే కదా పని జరిగేది. అందుకే వారం ఇంట్లో ఉంచితే "పిల్లాడిని ఖాళీగా కూర్చోబెట్టారు" అని ఎవరైనా సణిగితే సణగనివ్వండి.

4. కారు వద్దు, పల్లెవెలుగు ఎక్కించండి

కాంప్లెక్సులో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, టికెట్ వాడే అడిగి తీసుకోవాలి. కారులో దిగినవాడిని ఊరు దొరబాబు కిందే చూస్తుంది, అయిదు నిమిషాల్లో అర్జీలు మొదలు, ఒకరికి చర్చి గోడ, ఒకరికి అబ్బాయి ఉద్యోగం. బస్సు దిగి గట్టు మీద చెమటలు కక్కుతూ నడిచొచ్చినవాడిని చూసి "ఏటి బాబూ, ఎండలో వచ్చీసినావు" అంటారు. ఈ తేడా నేను చెప్తే ఎవరూ నమ్మరు, ఒకసారి చేసి చూడండి. రైల్లో వచ్చేవాళ్లకి ఇంకోటి చెప్పాలి, శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగి "మీ ఇల్లు కనపడట్లేదు" అని ఫోన్లు చేస్తారు.

రోజుకి మూడు ఇళ్లు. నాలుగో ఇల్లు లేదు.

5. నీళ్ల గ్లాసు

అందరూ చెడగొట్టేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

ఏ ఇంటికి వెళ్లినా కూర్చోగానే ముందొచ్చేవి మంచినీళ్లు. అవి బోరువో, నూతివో, ట్యాంకువో మనకి తెలీదు. వాడు తాగితే వాడి కడుపు చెడుతుంది, తాగకపోతే ఆ ఇంటావిడ మనసు విరుగుతుంది. మనం ఎక్కువ వెళ్లేవి పేటలకి, అంటే దళితవాడలకి. వాళ్ల చేతి నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టని రోజులు, టీకొట్టులో వాళ్లకి వేరే గ్లాసు పెట్టిన రోజులు ఆ పేటల్లో ముసలివాళ్లు కళ్లారా చూసినవే. అలాంటి ఇంట్లో దేవుని పని మీద వచ్చినవాడు గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి సొంత సీసా తీసి గటగటా తాగాడనుకోండి, వాడి ఉద్దేశం ఏదైనా కానీ ఆ ఇంట్లో దానికి అర్థం ఒక్కటే. ఒక పేటలో ఇలాగే జరిగితే ఆ ఇంటి ముసలమ్మ ఏమీ అనలేదు, గ్లాసు తీసుకెళ్లి నీళ్లు అరుగు మీంచి వంచేసి, కొంగుతో తుడిచి మళ్లీ బీరువాలో పెట్టేసింది. కొత్త గ్లాసది, స్టిక్కరు కూడా ఊడలేదు. ఆ తరవాత అరగంట ప్రేమ గురించి వాక్యం చెప్పారు, తర్జుమా కూడా బాగానే చేశారు, ఎవరి చెవికెక్కింది?

దీనికి జనం చేసే వైద్యాలు మూడు, మూడూ తప్పే. ఒకటి, వాళ్లెదురుగా గ్లాసులో క్లోరిన్ మాత్ర వేయించడం. సీసా తీయడం కన్నా ఇది ఘోరం. రెండు, ఊరంతటికీ కనపడేలా వాటర్ బాటిళ్ల కేసు మోసుకెళ్లడం, ఎలక్షన్ ప్రచారానికి వచ్చినట్టుంటుంది. మూడోది "ఒక్క గుక్క తాగెయ్ బాబూ, దేవుడు చూసుకుంటాడు" అని బలవంతం చేయడం, విషం తాగినా ఏం కాదని వాక్యం కూడా చూపిస్తారు. నాకు అలా వాక్యం చూపించినాయన పోయినేడు టైఫాయిడ్‌తో మంచమెక్కి లేచినాయనే.

నా పద్ధతి పొద్దున్నే ఫోనుతో మొదలవుతుంది. ఫోను పాస్టరు గారికి కాదు, సంఘపెద్దకీ కాదు, ఆ ఇంట్లో పొయ్యి దగ్గరుండే ఆవిడకి. మగవాళ్లకి చెప్తే "ఆ ఆ అలాగే" అని మర్చిపోతారు. ఆవిడతో "వదినా, మా బాబుకి నీ చేతి టీ కావాలి, పొగలు కక్కుతూ ఉండాలి, చల్లారితే తాగడు" అని చెప్పండి. ఇది అబద్ధం కాకుండా ఉండాలంటే మొదటి వారంలోనే వాడికి టీ అలవాటు చేసెయ్యాలి, కాఫీ అడిగినా ఇవ్వకండి. తెర్లకాగిన టీ కడుపుకి భయం లేదు. ఇంట్లో నీళ్లు కూడా ఒక నిమిషం బాగా తెర్లించి చల్లార్చినవే ఇవ్వాలి, ఫిల్టరు ఉన్నా సరే.

తరవాత ఊరి మొదట్లోనే, చెట్టు కింద ఆగి, సీసాలో నీళ్లు కడుపునిండా తాగించండి. సీసా మళ్లీ సంచి అడుక్కి. దాహంతో గుమ్మం ఎక్కినవాడి చూపు నీళ్ల చెంబు మీదే ఉంటుంది, ఆ చూపు చూశాక ఇంటావిడ ఊరుకోదు.

ఇక అసలు ఒడుపు గుమ్మానికీ కుర్చీకీ మధ్య ఉంది. వందనాలు చెప్పి చెప్పులు విప్పుతూనే, ఇంకా కూర్చోకముందే మీరు అందుకోవాలి: "ఓలమ్మా, టీ పెట్టినావా నేదా, బేగి పొయ్యి వెలిగించు." నవ్వుతూ, ఇంట్లో మనిషిలా, గట్టిగా. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది, నీళ్ల సంగతి పక్కకి పోతుంది. కూర్చున్నాక అంటే ఆలస్యమైపోయినట్టే, ఎందుకంటే చెంబు అప్పటికే బయల్దేరి ఉంటుంది. మర్యాదకని మీరు నసుగుతూ ఉంటే అదే కొంప ముంచుతుంది.

అయినా నీళ్లు వచ్చేశాయి. అప్పుడు వద్దనకూడదు, చెయ్యి అడ్డం పెట్టకూడదు, ముఖం చిట్లించకూడదు. వాడు రెండు చేతులా పుచ్చుకోవాలి, పుచ్చుకుని పక్కనున్న పెద్దవాళ్లకి, అంటే మీకు, ఇవ్వాలి. మీరు ఆ గ్లాసు అక్కడే, అడుగు కనపడేదాకా తాగాలి. పెద్దవాళ్లకి ముందిచ్చాడని వాళ్లకీ ముచ్చటగానే ఉంటుంది, గ్లాసు ఖాళీగా వెనక్కి వెళ్తుంది. సగం తాగి పెట్టారా, అంతా వృథా. ఇది ఇంట్లో ఖాళీ గ్లాసుతో ప్రాక్టీసు చేయించండి, నవ్వుకున్నా పర్లేదు. రెండో గ్లాసు వస్తే? రాదు, మీరు నిండుగా తాగి "చల్లగా ఉన్నాయమ్మా, వాడికి టీ చాలు" అంటే రాదు.

ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లకి వెళ్తే టీ బదులు కొబ్బరిబొండం అడగండి. కళ్లముందు కొట్టిన బొండం కన్నా శుభ్రమైనది లేదు, పెట్టినవాళ్లకీ తృప్తి. గ్లాసులో పోయకుండా బొండంతోనే తాగాలి. కానీ పెరట్లో చెట్టుందో లేదో చూసి అడగండి. 2018 తిత్లీ తుపానుకి తోటలకి తోటలే పడిపోయాయి, చెట్టు లేని ఇంట్లో అడిగితే కొనుక్కొచ్చి మరీ ఇస్తారు. ఇంకో జాగ్రత్త. ఆ వైపు కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది, ఫలానాదే కారణమని ఇప్పటికీ తేల్లేదు, కాబట్టి వాళ్ల నీళ్ల గురించి మీ అనుమానాలు అక్కడ మాట్లాడకండి. డయాలసిస్ చేయించుకునే మనిషి ఉంటే మన పిల్లాడు మర్యాదకి తన బొండం ఆయనకి ఇవ్వబోతాడు. వద్దని ముందే చెప్పి ఉంచండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఆ రోగులకి డాక్టర్లు వద్దంటారు.

6. భోజనం ఒక్క ఇంట్లోనే

అదీ చివరి ఇంట్లో. "పప్పు, గుడ్డు చాలు" అని ఫోన్లో చెప్పినా నాటుకోడి కోస్తారు, అది మీవల్ల ఆగదు. ఆపాల్సింది వడ్డన. రెండో గరిటెకి వద్దు అంటే మూడోది పడుతుంది, విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి పులుసు పోస్తారు. దీనికి మందు పెరుగు. అన్నం ఇంకా సగం ఉండగానే "అమ్మా, పెరుగు" అని వాడి చేతే తెలుగులో అడిగించండి. పెరుగు పడిందంటే కూరల గిన్నె వెనక్కి వెళ్లిపోతుంది, మన వైపు పెరుగు మీద కూర ఎవరూ వెయ్యరు. ఈ ఒక్క ముక్క తెలిస్తే వాడు బతికిపోతాడు. కోసిన ఉల్లిపాయ, కీరా ముక్కలు పక్కకి తోసెయ్యొచ్చు, ఎవరూ పట్టించుకోరు. అరటిపండు వాడే వొలుచుకోవాలి. ఎడమచెయ్యి ఒళ్లోనే ఉండాలి.

7. ఫోను, పర్సు

పిల్లల ఫోటోలు తల్లిని అడక్కుండా తియ్యకూడదు, చిరిగిన చొక్కా వాడిని ఏరి మరీ తియ్యకూడదు. చేతిలో డబ్బు పెట్టకూడదు, పది రూపాయలైనా సరే. ఇవ్వాలని ఉంటే ఆదివారం కానుక పెట్టెలో వేస్తాడు. ఇందులో వాదన లేదు.

8. ఇంటికొచ్చాక

ఇంత చేసినా ఒక్కోసారి కడుపు చెడుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. ప్యాకెట్టు లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి, చెంచా అంటే టీ చెంచా. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, నీళ్లు కూడా ఇమడకపోయినా ఆసుపత్రికే, వీధి చివర ఆర్‌ఎంపీ సెలైన్‌కి కాదు.

మర్నాడు ఏ ఊరూ పెట్టుకోకండి. వాడి బట్టలు వాడే ఉతుక్కుంటాడు, మీరు అందుకోకండి. సాయంత్రం ఆ మూడు ఇళ్లకీ వాడి చేత ఫోన్ చేయించండి, మాట్లాడాల్సింది వాడే, తెలుగులోనే. "అమ్మా వందనాలు, టీ బాగుంది" అన్నా చాలు. వాడు తడుముకుంటుంటే మధ్యలో ఫోను లాక్కుని మీరు అందుకోవద్దు, అవతల స్పీకర్లో పెట్టుకుని ఇంటిల్లిపాదీ వింటూ ఉంటారు.